గోళ్ళరంగు తాళం

వెల్డింగ్ రాడ్లు అయిపోవస్తున్నాయని తిట్టుకుంటూ హార్లన్ టర్బైన్ గొయ్యిలోంచి నిచ్చెనెక్కి వచ్చాడు. కింద చక్రం లోపల టోబీ, చెవులకు బిరడాలు పెట్టుకుని, నీళ్ళు కొరికేసిన ఇనుప రెక్కల్ని అతుకుతున్నాడు.

ఏళ్ళ తరబడి హార్లన్ చేసిందీ అదే. నది కొరుకుతుంది, ఇతను పూడుస్తాడు, మళ్ళీ కొరుకుతుంది. ఎడమ చెవి పోయింది, వేళ్ళు కమిలిపోయాయి. ఇంత కరెంటు పుట్టించే డ్యామ్‌లో పనిచేస్తూ ఇంట్లో మాత్రం కట్టెల పొయ్యే వెలిగించేవాడు, పిసినారి.

చక్రంలోకి దిగే ప్రతివాడూ నీటి గేటు మీటకు తన తాళం తనే వేసుకోవాలి, తనే తీసుకోవాలి. ఒక్క తాళమున్నా గేటు లేవదు, చుక్క నీరు రాదు. హార్లన్ తాళం మీద అతని పేరును భార్య ఐరీన్ ఎర్ర గోళ్ళరంగుతో రాసింది. అది రాసిన చలికాలంలోనే ఆమె పోయింది.

ఈవేళ మంచుతుఫాను. ఈ డ్యామ్ కరెంటు వాడుకునే స్పోకేన్ నగరంలో ఇంటింటా హీటర్లు. ఈ టర్బైన్ కూడా తిప్పి తీగల్లోకి కరెంటు పంపకపోతే ఊరు చీకటైపోతుందని కంట్రోల్ రూమ్‌కి ఒకటే ఫోన్లు.

మీట దగ్గర షిఫ్టు బాసు క్రెయిగ్ చేతిలో ఇనుము తెంచే పెద్ద కత్తెర ఉంది. టోబీ తాళం రెండు ముక్కలై నేలమీద పడి ఉంది, మీటకు ఇక హార్లన్ తాళం ఒక్కటే మిగిలింది.

"ఏం పనిరా ఇది! టోబీ లోపలున్నాడు!"

"ఎవడికి చెప్తావ్? కేకేస్తే పలకలేదు. వాడి ట్రక్కు బయటికి పోవడం కళ్ళారా చూశా."

"అది వాడి పెళ్ళాం తీసుకెళ్ళింది, కళ్ళు నెత్తికెక్కినోడా!"

"నిన్నా ఇలాగే లోపల మనుషులున్నారని బొంకి కునుకు తీశావ్. తప్పుకో, ముసలోడా."

నిన్నటిది నిజమే. ఖర్మ! హార్లన్ ఇక మాటలు పెట్టుకోలేదు. పిడికిలితో క్రెయిగ్ మూతి పగలగొట్టాడు. క్రెయిగ్ నెత్తురు ఉమ్మి, కత్తెర ఎత్తి కణత మీద కొట్టాడు. హార్లన్ మీటను కావలించుకుని తన తాళాన్ని రెండు చేతులతో మూశాడు. ఆ వేళ్ళ మీద ఒక దెబ్బ. తల మీద ఇంకొకటి. ఎముక విరిగిన చప్పుడైంది. మనిషి మెల్లగా జారి కాంక్రీటు మీద పడ్డాడు.

క్రెయిగ్ వగరుస్తూ కత్తెర మొనలు తాళానికి ఆనించాడు.

కింద, ఇనుము మీద సుత్తి. ఠంగ్. ఠంగ్.

"హార్లన్ బాబాయ్! రాడ్లు తెస్తున్నావా, మళ్ళీ కునుకేశావా?"

క్రెయిగ్ చేతిలోంచి కత్తెర జారిపోయింది. "లే, పెద్దాయనా, లే," అంటూ కూలబడి హార్లన్‌ను కుదిపాడు. హార్లన్ లేవలేదు.

సాయంత్రానికి స్పోకేన్‌లో సగం ఊరు చీకటైంది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. టోబీ ఎప్పుడో బయటికొచ్చాడు. తాళంచెవి శవం జేబులోనే వెళ్ళిపోయింది, కత్తెర పట్టుకోవడానికి ఒక్కడికీ చేతులు రాలేదు. మీటకు ఆ తాళం అలాగే వేలాడుతోంది, ఐరీన్ రాసిన ఎర్రటి పేరుతో.