డాలరుకు ధర చెప్పండి

జవళగిరి దగ్గర ఎకరా పాలీహౌస్‌లో అంగాళమ్మ గులాబీలు పెంచుతుంది. పదేళ్లు కూలికి పూలు కోసి, పని మొత్తం ఒంటబట్టాక సొంతంగా మొదలుపెట్టింది. మూడేళ్లుగా ఆమె పూలు సింగపూర్ వెళ్తున్నాయి. అక్కడి వ్యాపారి పంపే డాలర్లను హోసూరులోని ఒక విదేశీ బ్యాంకు రూపాయల్లోకి మార్చి ఆమె ఖాతాలో వేస్తుంది.

ఫిబ్రవరిలో ఐదు వేల డాలర్లు వచ్చాయి. ఆ రోజు ఫోన్‌లో చూస్తే డాలరు ఎనభై నాలుగు రూపాయల తొంభై పైసలు. బ్యాంకు కట్టింది ఎనభై మూడు డెబ్బై. తెల్లారగానే అంగాళమ్మ బస్సెక్కింది.

"ఛార్జీలు లేవని బోర్డు పెట్టినారే. మరి నా ఆరు వేలు యాడ పోయినాయప్పా?"

రాజమండ్రి నుంచి కొత్తగా వచ్చిన ఆఫీసరు రఘునాథ్ ఆమెకు కుర్చీ చూపించాడు. "అది ఛార్జీ కాదమ్మా, మార్జిన్. మీ దగ్గర డాలరు తక్కువకి కొని బయట ఎక్కువకి అమ్ముతాం. డిపాజిట్లకి తక్కువ వడ్డీ ఇచ్చి, అప్పులకి ఎక్కువ తీసుకుంటాం కదండీ, అలాంటిదే. ఏ దేశంలోనైనా మా బ్యాంకు ఆదాయం చాలావరకు ఇలాంటి తేడాల మీదే."

"పెద్ద కంపెనీలకూ రూపాయి ఇరవై పైసలేనా?"

అతను తటపటాయించాడు. "వాళ్లు ముందే బేరమాడతారండి. వాళ్లకి పది, పదిహేను పైసలు."

"మీరు సంపాదించుకోండప్పా, నేను వద్దనలా. పువ్వు కొనేటోడు నన్ను ధర అడిగి కొంటాడు. నా డాలరు కొనేటప్పుడు మీరు ఒక మాట అడిగినారా?"

ఆమె గొంతు విని మేనేజరు శశికుమార్ గదిలోంచి వచ్చాడు. లోపలికి పిలిచి కాఫీ తెప్పించాడు.

"మీకు ఇరవై పైసలే పట్టుకుంటామమ్మా. ఈ సంగతి మాత్రం మిగతా పూల రైతులకు చెప్పొద్దు."

అంగాళమ్మ కాఫీ ముట్టుకోలేదు. ఇన్నాళ్లూ తన అమాయకత్వానికి వాళ్లు వెల కట్టారు. ఇప్పుడు నోటికి కడుతున్నారు. ఒళ్లు మండిపోయింది.

"నాకొక్కదానికే అయితే వద్దు. అందరికీ ఇస్తే ఇవ్వండి."

"అది కుదరదమ్మా."

"అయితే సరే."

ఆ వారమంతా ఆమె తోట తోటకూ తిరిగింది. పక్క తోట రాజప్ప మొదట నమ్మలేదు. పాత బ్యాంకు కాగితాలు తీసి లెక్క చూసుకున్నాక చెప్పులేసుకుని ఆమె వెంట బయలుదేరాడు. చివరికి తొమ్మిది మంది కలిసి మరో బ్యాంకుకు వెళ్లారు. అక్కడ ముప్ఫై పైసల మార్జిన్‌కు ఒప్పుకున్నారు. డాలర్లు మార్చే ముందు ఫోన్ చేసి రేటు చెప్పాలన్న షరతును అంగాళమ్మ దగ్గరుండి కాగితం మీద రాయించింది.

అందరూ పాత ఖాతాలు మూసేరోజు శశికుమార్ నవ్వుతూ అన్నాడు: "మా దగ్గర ఇరవైకి వచ్చేది, అక్కడ ముప్ఫైకి పోతున్నారు. మీకే నష్టం కదమ్మా!"

"నష్టమే," అంటూ అంగాళమ్మ సంతకం పెట్టింది. "నాది పది పైసలు. మీది తొమ్మిది ఖాతాలు."