మంచె మీద లేని పిల్లోడు

నేను నోరు విప్పితే నమ్మనివాడు మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూళ్ళలో ఇంకా పుట్టలేదు. ఐదో తరగతి చదువుకే ఇంత!

మా మదనపల్లె చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివి, అభ్యంతరముంటే చెప్పమంటారు. నర్సు కెజియాకూ, కుప్పం ఎడ్విన్‌కూ రెండు వారాలు చదివేశారు. అప్పుడే పుంగనూరు బస్టాండులో ఎడ్విన్ మేనమామ జాకబ్ కనబడ్డాడు.

"మీ పిల్ల ఎట్లాంటిదప్పా?" అన్నాడు టీ తాగుతూ.

"ఎట్లాంటిదా! రామకుప్పంలో ఏనుగొస్తే మాపటేల నుంచి తెల్లారేదాకా మంచె మీద కూసోని, పళ్ళెం కొట్టి తరిమింది!"

"ఒకతేనా?"

ఒకతే అంటే కథ చప్పగా ఉంటుంది కదా. "పక్కన వయసు పిల్లోడొకడు. వాడు బయపడి ఈమె కొంగు పట్టుకోనుండాడు!" అన్నాను. ఆమె ధైర్యం పెంచి చెబుదామనే. కెజియా జన్మలో మంచె ఎక్కలేదు.

మూడో ఆదివారం జాకబ్ చర్చిలో లేచి నిలబడి, వయసు పిల్లోడితో మంచె మీదుండిన పిల్ల మాకొద్దన్నాడు. పెళ్ళి ఆగిపోయింది. నేను వెనక బెంచీలో పాటల పుస్తకంలో తల దూర్చుకున్నాను.

రెండేళ్ళయింది. ఎడ్విన్‌కు వేరే పెళ్ళయింది. కెజియాకు ఏ సంబంధం వచ్చినా ఏనుగు కథ ముందే వెళ్ళి ఆ ఇంట్లో కూర్చుంటోంది.

మొన్న కోతల పండుగకు విమలమ్మ టీచరు దొరల దేశపు పాత హాస్యనాటకం ఒకటి తెలుగు చేసి ఆడించింది. పెళ్ళికొడుకు చాడీ నమ్మి, చర్చిలోనే పెళ్ళికూతుర్ని తిట్టి పోతాడు. నిజం తెలిసి ఏడిస్తే, ఆమె మళ్ళీ వాడినే చేసుకుంటుంది. అందరూ గంతులేస్తారు. టీచరు పట్టుబట్టి కెజియాకు పెళ్ళికూతురు వేషం ఇచ్చింది. నాది తిక్క పోలీసు.

చివర "నిన్ను క్షమించాను" అనాల్సిన చోట కెజియా ఆగిపోయింది.

"నేనేం తప్పు చేస్తినని ఒక్కరన్నా అడిగినారా టీచరమ్మా?"

నేను టోపీ తీసి ముందుకొచ్చాను.

"అప్పల్లారా! మంచె లేదు, ఏనుగు లేదు, పిల్లోడు లేడు. అంతా నేను కట్టిన కథ. ఈ బిడ్డ ఏ తప్పూ చేయలే!"

హాలంతా పగలబడి నవ్వింది. ముందు వరసలో, పండుగకొచ్చిన జాకబ్ కళ్ళు తుడుచుకుంటూ, "ఈ ముసిలోడు యాడ నిలబెట్టినా కొత్త కత కడతాడప్పా!" అన్నాడు. నమ్మనివాడు పుట్టలేదన్నాను గదా? ఆ సాయంత్రం మూడు వందల మంది ఒకేసారి పుట్టారు.

కెజియా నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, "నేను నమ్మినా తాతా, సాలు" అంది.

ఇంతసేపూ చెప్పినదాంట్లో నా కల్పన ఆ మాటొక్కటే. ఆమె పెళ్ళి ముసుగు తీసి, మడిచి కుర్చీ మీద పెట్టి, వెనక తలుపు గుండా వెళ్ళిపోయింది.