మక్కల బస్తాలు

ఆదివారం చర్చి నుంచి వచ్చి స్తుతి కూర వడ్డిస్తోంది. భర్త జయరాజ్‌కు, కొడుకుకు, అత్త ఇన్నమ్మకు వేసేసరికి గిన్నెలో పులుసే మిగిలింది. మటన్ ధర పెరిగినప్పటి నుంచి ఇంటికి అర్ధకిలోనే వస్తోంది. "రేట్లు మండుతున్నయ్, అందరం సర్దుకోవాలె," అంటాడు జయరాజ్. అందరూ అంటే తానొక్కతేనని స్తుతికి ఈ మధ్యే తెలిసివచ్చింది.

ఆ పూట అతను బొగ్గుగనిలో తనతో పనిచేసే దోస్తు చెప్పిన సంగతి ఎత్తాడు.

"నీ కుట్టుమిషన్ పైసలు ఇటియ్యి. ఫోన్‌ల ట్రేడింగ్ యాప్‌ల పసుపు రేటు మీద పెడత. పంటల రేట్లన్నీ పెరుగుతున్నయ్."

"పెరిగేది నిజమైతే నేనే కొంట," అంది స్తుతి. "చండ్రుగొండల మా అన్న మక్కలు కోతకొచ్చినయ్."

"ఇంట్ల కూసునేదానివి, మార్కెట్ గురించి నీకేం ఎరుక?"

ఇంట్లో కూర్చోవడం. తెల్లారకముందే లేచి అందరికీ టిఫిన్, అతని డ్యూటీ బట్టల్లో బొగ్గు మరకలు, అత్త మోకాళ్లకు నూనె, ఆపైన ఇల్లందులో సగంమంది ఆడవాళ్ల జాకెట్లు కుట్టడం. ఆమె కూర్చునేది మిషన్ ముందే, అదీ నడుము పట్టేసేదాకా. పెళ్లయిన కొత్తలో ఇలాంటి ప్రతి మాటకూ లోపల జవాబు తయారుచేసుకుని, పైకి రాకుండా మింగేసేది. ఈసారి మింగలేదు, వాదించనూ లేదు. మర్నాడు అన్నకు ఫోన్ చేసింది.

మొక్కజొన్న బస్తాలు ముందుగదిలోకి వచ్చాయి. టీవీ మూలకు జరిగింది. "ఇల్లును గోదాం చేసినవ్," అన్నాడు జయరాజ్. ధర పడిపోతే ఆ మాట బతికున్నన్నాళ్లూ వినాల్సివస్తుందని ఆమెకు తెలుసు.

ఒక మధ్యాహ్నం గింజలు డాబా మీద ఆరబోసి బజారుకెళ్లింది. ఉన్నట్టుండి మబ్బు పట్టింది. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి, మెట్లెక్కడమే మానేసిన ఇన్నమ్మ డాబా మీద చేటతో గింజలు ఎత్తుతోంది. ఇద్దరూ తడిసి ముద్దయి చివరి బస్తా లోపలికి లాగారు.

"నీ మోకాళ్లు, అత్తమ్మా," అంది స్తుతి.

"ఉండనీ బిడ్డా. ఎన్ని కోతలు కోసిననో. నాదని చెప్పుకోను ఒక్క బస్తా లేకపాయె."

వానాకాలం నడిమికి మక్కల ధర ఎక్కింది. కోళ్లదాణా వ్యాపారి ఇంటికే వచ్చి బస్తాలన్నీ కొన్నాడు. జయరాజ్ చెయ్యి చాపాడు.

"పైసలు ఇటియ్యి. ఒచ్చే పంటకు నేనే కొంట."

"నా కాడనే ఉంటయ్," అంది స్తుతి. నోట్లు మిషన్ సొరుగులో పెట్టి తాళం వేసింది.

మంచం మీద నుంచి ఇన్నమ్మ గొంతు వినిపించింది. "నా పింఛను పైసలు గూడ కలుపు బిడ్డా."

మరుసటి వారం అత్తాకోడళ్లు వచ్చే పంట బేరానికి చండ్రుగొండలో అన్న చేను చూసి రావడానికి బయలుదేరారు. జయరాజ్ గుమ్మంలోకి వచ్చాడు.

"మరి వంట?"

"బియ్యం డబ్బాల ఉన్నయ్," అంది స్తుతి చెప్పులు వేసుకుంటూ. ఇన్నమ్మ అప్పటికే గేటు దాటింది.