ముందే చేసిపెట్టిన సంతాపం

ఎనిడ్ థాక్రేకి ఏ పనైనా ముందే అయిపోవాలి. క్రిస్మస్ కార్డులు ఈస్టరు నాటికే తయారు. ఎవరికైనా నెలలు నిండుతున్నాయని తెలిస్తే చాలు, మగపిల్లాడికొకటి, ఆడపిల్లకొకటి చేసి పక్కన పెట్టేది. కవలలు పుడితే రెండూ పంపేది.

మా హాల్‌మోర్‌లో చాపెల్ అనే చిన్న చర్చి వెనక హాల్లో మంగళవారం మధ్యాహ్నాలు కలిసి చేత్తో కార్డులు చేసే క్లబ్బుకి ఆవిడే పెద్ద. రబ్బరు స్టాంపులు ఆవిడవి, చెయ్యి తిప్పితే అట్టలు పువ్వుల్లా కోసిపెట్టే మిషను ఆవిడది. అంచులకి కరిగించి పోసే బంగారు రంగు పొడిని సొరుగులో పెట్టి తాళం వేసేది, ఆ తాళం ఎక్కడ పెడుతుందో మాకు చెప్పేది కాదు. టీ కెటిల్ ఒక్కటే చాపెల్‌ది. మేం ఇళ్ళల్లోంచి కాగితం ముక్కలు తెచ్చేవాళ్ళం. పాత వాల్‌పేపరు, చాక్లెట్ల రేకులు, ఎవరెవరివో పెళ్ళి పిలుపులు. వాటిమీద బొమ్మలు అచ్చు వేసి, రిబ్బను ముడులు పెట్టి, ముత్యాల్లాంటి పూసలు అతికించేవాళ్ళం. ఊళ్ళో ఎవరు పుట్టినా, పెళ్ళాడినా, పోయినా మా కార్డే వెళ్ళాలి. ఒకావిడ కొట్లో కొన్న కార్డు పంపిందని ఎనిడ్ ఆవిడతో మాటలు మానేసింది. ఆవిడ తన సొంత పినతల్లి కూతురు.

అలాంటి మనిషికి పోయిన చలికాలం తల కొట్టేసినంత పనైంది. మాంసం కొట్టు డెరిక్ వాళ్ళ అమ్మ ఉన్నట్టుండి పోయింది. ఎనిడ్ హడావుడిగా లిల్లీ పువ్వు అచ్చు వేసి, ఆరీ ఆరకముందే కవర్లో పెట్టి పంపింది. ఇంకు పాకి లిల్లీ కాస్తా ఉల్లికాడ అయి కూర్చుంది. డెరిక్‌కి ఎనిడ్ అంటే గౌరవం. ఆ కార్డుని చలిమంట గూటి మీద అందరికంటే ముందు నిలబెట్టాడు. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ టీ తాగుతూ ఆ ఉల్లికాడని చూసి, ముసలావిడకి ఉల్లికాడల సూప్ అంటే అంత ఇష్టం కాబోలు అనుకుని వెళ్ళారు.

ఇక ఎవరూ తనని ఇలా తొందరపెట్టకూడదని ఎనిడ్ ఆ రోజే నిర్ణయించుకుంది. తీరిగ్గా కూర్చుని, మా క్లబ్బులో ఒక్కొక్కరి పేరునా సంతాప కార్డు చేసేసింది. ఎవరు పోతే ఇంట్లో ఎవరు మిగులుతారో ఆలోచించి కవరు మీద వాళ్ళ పేరు రాసింది. అన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో సర్ది హాల్లో అల్మరాలో పెట్టింది. మాకెవరికీ చెప్పలేదు. చెప్పుకునే విషయమా అది.

వేసవి మొదట్లో మావిస్ హోల్డెన్‌కి పిత్తాశయంలో రాళ్ళని తేలింది. మావిస్ మా క్లబ్బుకి నోరు. కబుర్లు చెబుతూ జిగురు రాస్తుంది కాబట్టి ఆవిడ కార్డులన్నీ ఒక పక్కకి ఒరిగి ఉంటాయి. బస్సులో గంట దూరంలో ఉన్న పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. లోపల ఏదో చీము పట్టిందని ఇంకొన్నాళ్ళు ఉంచేశారు. త్వరగా కోలుకొమ్మని మేమంతా సంతకాలు చేసి కార్డు పంపాలనుకున్నాం. కార్డు మీద మంచమ్మీద పడుకున్న కోడి, దాని ముక్కున థర్మామీటరు. ఎనిడ్ చాలా బాగా చేసింది.

మంగళవారం మావిస్ మొగుడు క్లిఫర్డ్ దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చాడు. క్లిఫర్డ్ మాటలు తక్కువ మనిషి. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో మాట్లాడే పని మావిస్ చూసుకుంటోంది. ఎనిడ్ వంటగదిలో కెటిల్ నింపుతూ, పంపు చప్పుడులోంచి కేకేసి చెప్పింది, అల్మరాలో డబ్బాలో ఉంది, కవరు మీద పేరుంది చూసుకోమని. అల్మరాలో డబ్బాలు రెండున్నాయి. ఆయన ఒకటి తెరిచాడు. కవరు మీద క్లిఫర్డ్ అని తన పేరే ఉంది. విప్పి చూశాడు.

ఊదారంగు అట్ట, తెల్ల లిల్లీ, మూల మూడు ముత్యాలు. లోపల ఎనిడ్ గుండ్రటి రాత. 'మావిస్ లేని మీ ఇంటిని ఊహించుకోలేకపోతున్నాం. ఈ కష్టంలో నీకు తోడుగా, మంగళవారం క్లబ్బు.'

ఎవరైనా నమ్ముతారా అంటారేమో. మా ఊళ్ళో నమ్ముతారు. మా క్లబ్బులో ఉన్న గ్లెన్నిస్ కూతురు ఆ వార్డులోనే నర్సు. ఏ కబురైనా ముందు మా బల్ల మీదకొచ్చి ఆ తర్వాత ఊళ్ళోకి పోతుంది. క్లిఫర్డ్ తన సొంత పదవీ విరమణ విందు సంగతి కూడా మా దగ్గరే మొదట విన్నాడు. పైగా ఆయన ఫోను ఎప్పుడూ ఇంట్లో సొరుగులో ఉంటుంది. ఆసుపత్రివాళ్ళు చేసి చేసి విసిగి, క్లబ్బుకి చెప్పి ఉంటారనుకున్నాడు. కార్డు కోటు జేబులో పెట్టుకుని మాకు టోపీ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. బస్సు తప్పిపోతుందని తొందరేమో అనుకున్నాం.

బస్సు నడిపేది రషీద్. పెద్దాయన నిలబడ్డచోటే నిలబడి పాసు చూపించడం కూడా మర్చిపోయాడట. ఏమైందని రషీద్ అడిగితే, మా మావిస్ పోయింది అన్నాడట. అంతే, పై ఊళ్ళవాళ్ళతో నిండిన ఆ బస్సంతా ఆయన మీద వాలిపోయింది. ఒకావిడ తన సాండ్‌విచ్ సగం విరిచి చేతిలో పెట్టింది. ఇంకొకాయన తన భార్య పోయినప్పటి సంగతి మొదలెట్టి చివరి స్టాపు దాకా ముగించలేదు. రషీద్ దారి తప్పించి బస్సుని తిన్నగా ఆసుపత్రి గుమ్మం ముందు ఆపాడు. బస్సు కంపెనీ రూలు ప్రకారం అది నేరమే, కానీ ఎక్కినవాళ్ళెవరూ నోరు మెదపలేదు.

క్లిఫర్డ్ వార్డులోకి వెళ్ళేసరికి మావిస్ దిండుకి ఆనుకుని ఎర్ర జెల్లీ తింటోంది.

ఆయన కుర్చీలో కూలబడి ఏడ్చాడట. పెళ్ళైనప్పటినుంచీ ఆయన ఏడవడం మావిస్ చూడలేదు. "ఏంటయ్యా, రాత్రి గౌను మళ్ళీ మర్చిపోయావా?" అని అడిగింది. ఆయన జేబులోంచి కార్డు తీసిచ్చాడు. మావిస్ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. వెనక్కి తిప్పి చూసింది. అంచు మీద బొటనవేలు పోనిచ్చింది.

"ఊదా రంగు. నాకు. ఆ రంగేసుకుంటే నేను వంకాయలా ఉంటానని దానికి తెలుసు" అంది. "మూడే ముత్యాలు పెట్టింది చూడు."

ఆ తర్వాత చూడ్డానికి వచ్చినవాళ్ళని పంపించేసే గంట కొట్టేదాకా ఆయన చెయ్యి వదల్లేదట. ఈ సంగతి మావిస్ నాకొక్కదానికే చెప్పింది, అదీ ఇంకెవరితోనూ అనొద్దని.

చిక్కంతా తిరుగు ప్రయాణంలో వచ్చింది. అదే బస్సు, అదే రషీద్. ముందు సీటు ఆయన కోసం ఖాళీగా ఉంచాడు. మా ఆవిడ జెల్లీ తింటోంది అని చెప్పడానికి క్లిఫర్డ్‌కి నోరు రాలేదు. ఇంతమంది ఇంత బాధపడ్డాక, అబ్బే ఉత్తదేనంటే ఏం బాగుంటుంది. రేపు చెబుదాంలే అనుకున్నాడు. మర్నాడు ఎక్కేసరికి రషీద్ ఒక ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టాడు. ఒంటరిగా ఏం వండుకుంటారు పెద్దాయనా, మా ఆవిడ పంపింది అన్నాడు. ఇంటికెళ్ళి మూత తీస్తే వేటమాంసం, బాస్మతి అన్నం, వేయించిన ఉల్లిపాయలు. మావిస్ అన్నిటినీ ఉడకబెడుతుంది, అన్నిటినీ ఒకే రంగు వచ్చేదాకా ఉడకబెడుతుంది. క్లిఫర్డ్ డబ్బా అడుగు రొట్టెముక్కతో తుడిచి మరీ తిన్నాడు. నిజం ఎల్లుండి చెబుదామనుకున్నాడు.

అలా ఇంటికొచ్చేదాకా మావిస్ ఆసుపత్రిలో బతికే ఉంది, బస్సులో మాత్రం పోయింది. డబ్బాలు వస్తూనే ఉన్నాయి. పచ్చడి కూడా వచ్చింది.

ఇంటికి పంపించే రోజున క్లిఫర్డ్ టాక్సీ పిలుస్తానన్నాడు. అదే ఆయన కొంప ముంచింది. వాళ్ళ పెళ్ళి రోజున కూడా చాపెల్ నుంచి ఇంటికి నడిపించిన మనిషి. మావిస్ ఆయన మొహంలోకి చూసి, ఏదో ఉందని, బస్సులోనే వెళదామని పట్టుపట్టింది.

ఆయన చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. రషీద్ ఆవిణ్ణీ ఆ చేతినీ చూశాడు. ముందు సీట్లో ఆడవాళ్ళు కిటికీల్లోంచి బయటికి చూడ్డం మొదలెట్టారు. సాండ్‌విచ్ ఇచ్చినావిడ పర్సు మూసుకుంది.

"ఎవరు పెద్దాయనా ఈవిడ?" అన్నాడు రషీద్ చివరికి.

"మావిస్" అన్నాడు క్లిఫర్డ్.

"ఈవిడ పేరు కూడా మావిసేనా?"

మావిస్‌కి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. మొగుణ్ణి నెమ్మదిగా అడిగింది, ఆయన కూడా నెమ్మదిగానే అంతా చెప్పేశాడు. మాంసం సంగతి ఆఖర్న చెప్పాడు. బస్సు ఇంకా కదల్లేదు. రషీద్ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. అతని మనసు నొచ్చిందని అందరికీ తెలుస్తూనే ఉంది.

"మా ఆవిడ మీకోసం రోజూ దువా చేసింది" అన్నాడు.

"పైవాడు విన్నట్టున్నాడు నాయనా. లేచొచ్చాను కదా" అంది మావిస్.

రషీద్ ఆపుకుందామని చూశాడు కానీ నవ్వొచ్చేసింది. తర్వాత బస్సు తీస్తూ, ఆ డబ్బాలు మాత్రం తిరిగివ్వమనండి, ఇంట్లో నన్ను చంపేస్తోంది అన్నాడు. మావిస్ మర్నాడు డబ్బాలు కడిగి, పైన ఒక కార్డు పెట్టి పంపింది. నేను చూశాను దాన్ని. సమాధిలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, గిన్నె పట్టుకుని ఇంకొంచెం వడ్డించమన్నట్టు ఉంటుంది. రషీద్ భార్య దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించుకుందట.

ఈలోగా ఎనిడ్ ఎలా ఉందో ఎవరూ పట్టించుకోలేదు. ఆ మంగళవారమే, మేమంతా వెళ్ళాక అల్మరా సర్దబోతే కోడి కార్డు అక్కడే ఉంది, క్లిఫర్డ్ కవరు లేదు. ఫోను చేద్దామని తీసి పెట్టేసింది. ఏమని చెబుతుంది. అన్నం సయించలేదు. కార్డులు కూడా చెయ్యలేదు, అదెప్పుడూ ఎరగం.

మావిస్ కుట్లు పూర్తిగా మానకముందే క్లబ్బుకొచ్చింది. కోటు విప్పకుండానే జేబులోంచి ఆ ఊదా కార్డు తీసి బల్ల మధ్యలో పెట్టింది. అందరం చదివాం. ఎనిడ్ మొహం గోడ రంగుకి వచ్చేసింది. మెల్లగా, ఒక్కో మాటే పేర్చుకుంటూ, డబ్బా సంగతి అంతా చెప్పింది. దండించండి అన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు నన్ను ముందే చంపినందుకు నాకేం బాధ లేదే" అంది మావిస్. "ఇంత నాసిగా చంపావనే. వెనక అట్ట ఎక్కడిది? కార్న్‌ఫ్లేక్స్ డబ్బాది. దాని మీది పాలగిన్నె బొమ్మ కనిపిస్తూనే ఉంది."

ఇక ఆగుతామా. డబ్బా తెచ్చి ఎవరి చావు వాళ్ళు వెతుక్కున్నాం. గ్లెన్నిస్‌ది అన్నిటికంటే ఘనంగా ఉంది. అంచంతా బంగారు పొడి కరిగించి పోసింది, మీద పట్టు రిబ్బను. గ్లెన్నిస్ మురిసిపోతుందనుకున్నాం. "నాకింత బంగారమెందుకే? ఏం విన్నావు నువ్వు?" అని గుండె పట్టుకుంది. పొడి గడ్డకట్టేలా ఉందని వాడేశానని ఎనిడ్ ఎంత చెప్పినా నమ్మలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి రక్తపరీక్ష చేయించుకుంది.

నా కార్డు మాత్రం దొరకలేదు. డబ్బా బోర్లించి చూశాను. నిజం చెప్పొద్దూ, మనసు చివుక్కుమంది. నేను పోతే పట్టించుకోవా అని అడిగాను.

"మీ ఇంట్లో ఏ కార్డు పెట్టినా ఆ కుక్క నమిలేస్తుంది. దండగెందుకని" అంది ఎనిడ్.

అప్పటికి అందరం నవ్వుతూనే ఉన్నాం. మావిస్ తన కార్డు మళ్ళీ మొదట్నించీ చెయ్యాలంది, పసుపు రంగులో, లిల్లీ లేకుండా. మాటల్లో మాటగా, మరి నీదేదే అని ఎనిడ్‌ని అడిగింది.

"నాదెందుకు? ఎవరికి పంపుతారు?" అంది ఎనిడ్.

పాలు అయిపోయాయి అన్నంత మామూలుగా అంది. ఆవిడకి పెళ్ళి కాలేదు. ఒక్కగానొక్క అక్క ఎప్పుడో పోయింది. ఆ పినతల్లి కూతురితో మాటల్లేవు. అందరి ఇళ్ళల్లో మిగిలేవాళ్ళ పేర్లు ఓపిగ్గా ఆలోచించిన మనిషి, తన దగ్గరికొచ్చేసరికి కవరు మీద రాయడానికి పేరు దొరక్క ఊరుకుంది.

మావిస్ బిస్కెట్ల డబ్బా మూసి పక్కకి నెట్టింది.

"మాకే పంపుకుంటాం" అంది మావిస్. "లేచి వంటగదిలోకి పో. నువ్వుంటే చెయ్యనివ్వవు."

ఎనిడ్ వెళ్ళి కడిగిన కప్పులే మళ్ళీ కడగడం మొదలెట్టింది. మేం ఎప్పుడూ అంత పోట్లాడుకోలేదు. గ్లెన్నిస్ శిలువ వెయ్యాలంది, మావిస్ రబ్బరు బూట్లు తొడుక్కున్న బాతు స్టాంపే కావాలంది. బాతే గెలిచింది. నా వాల్‌పేపరు ముక్క, గ్లెన్నిస్ రిబ్బను. ముత్యాలు ఎన్ని పట్టగలిగితే అన్ని. లోపల మాటలు మావిస్ రాసింది. కార్డు కాస్త ఒరిగే ఉంది.

ఎనిడ్ని పిలిచి చేతిలో పెట్టాం. కవరు మీద 'మంగళవారం క్లబ్బుకి' అని ఉంది. లోపల ఇలా ఉంది: 'మన ఎనిడ్ పోయింది. బంగారు పొడి పెట్టే సొరుగు తాళం ఎక్కడుందో చెప్పకుండానే పోయింది. మనం ఇప్పుడేం చేస్తాం?'

చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. బాతు మీద వేలు పెట్టింది.

"కెటిల్ వెనక మేకుకి తగిలించి ఉంటుంది" అంది. "ఇన్నేళ్ళలో ఒక్కదానికీ కనపడలేదా?"

మావిస్ కుట్లు పట్టుకుని లేచి వెళ్ళి చూసింది. అక్కడే ఉంది.