తెల్ల చీరల కింద సంతకం

కుక్కర్ రెండో కూత వేసేసరికి రత్నకుమారి ఏడో ప్రింటు మీద చుక్కలు పూడుస్తోంది. నెగటివ్ మీద దుమ్ము ఉన్నచోట ప్రింటులో తెల్ల చుక్క పడుతుంది. సన్నటి కుంచెతో అందులో బూడిద రంగు నింపాలి, ఊపిరి బిగబట్టి. అత్త తారామణి మాత్రం "కూసొని చేసే పనే గదా, గంత అలుపేంది?" అంటుంది.

ఫొటోలో మల్లాపూర్ పుట్టింటి డాబా. చర్చిలో పాడేవాళ్ల తెల్ల చీరలు తీగ మీద ఆరుతూ గాలికి ఉబ్బి ఉన్నాయి. ఒక చీర అంచు కింద అమ్మ లూర్దమ్మ పాదాలు. మనిషి కనిపించదు. కుంచె పట్టుకున్నప్పుడల్లా రత్నకుమారి ఆ చీరల మధ్యకు వెళ్లిపోతుంది. సబ్బు వాసన, చెంపకు తడి, ఎక్కడో అమ్మ కూనిరాగం. అక్కడ ఆమెను ఎవరూ కేకేసి పిలవరు. ఎంత హాయో! మూడో కూతకు మళ్లీ నాచారం వంటింట్లోకి వచ్చి పడుతుంది.

ఆ ఫొటో తీసింది తనే. అప్పుడు ఫొటోగ్రాఫరైన భర్త ఎబినేజర్ కింద బిర్యానీ తింటున్నాడు. "కెమెరా నాది, రీలు నాది. బటన్ ఎవ్వలైనా నొక్కుతరు" అన్నాడు తర్వాత, నవ్వుతూనే. ఆ నవ్వుకు ఒళ్లు మండింది. అయినా కూర వడ్డించింది.

ఇప్పుడు గ్యాలరీ వాళ్లు పది ప్రింట్లు అడిగారు. పదే. ఒక్కోదాని కింద పెన్సిల్‌తో వరుస నంబరు, తీసినవాళ్ల సంతకం. ఆ తర్వాత ఇంకెప్పుడూ అచ్చు వేయకూడదు. ఇవాళ ఏ పేరు పడితే ఎప్పటికీ అదే.

సంతకాలు పెట్టేదీ ఆమే. "నా రాత కోడి గీకినట్టుంటది, నువ్వే పెట్టు" అని పెళ్లయిన ఏడాదే పెన్సిల్ చేతికిచ్చాడు. పన్నెండేళ్లుగా అతని పేరు ఆమె గుండ్రటి రాతలోనే అమ్ముడుపోతోంది. ఒకసారి ఆమె జ్వరంతో పడుకుంటే తనే పెట్టి పంపాడు. సంతకం కలవలేదని గ్యాలరీ తిప్పి పంపింది.

రత్నకుమారి స్టవ్ ఆపింది. గ్యాలరీకి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పింది. మొదటి ప్రింటు కింద తన పేరు రాసింది. చర్చి పెళ్లి రిజిస్టరులో రాశాక అంత శ్రద్ధగా రాసింది మళ్లీ ఇప్పుడే. అక్షరాలు కొంచెం వంకరపోయాయి. చెరపలేదు. మిగతా తొమ్మిదింటి కింద కూడా రాసింది.

సాయంత్రం ఎబినేజర్ ఉప్పల్ నుంచి ఫ్రేములు మోసుకొచ్చాడు.

"ఇదేంది, నీ పేరు రాసినవ్?"

"నేను తీసిన గదా. గ్యాలరీ వాళ్లకు గూడ చెప్పిన."

ఎబినేజర్ ఫ్రేములు గోడవారగా దించాడు. "మరి నా చెరువు ఫొటోలు? అవి రేపు పోవాలె."

"అవి నీవి. నువ్వే పెట్టుకో."

పెన్సిల్ అతని ముందుకు జరిపింది. ఎబినేజర్ పట్టుకున్నాడు, కాగితం మీద ఆనించాడు, ఆగాడు.

"రత్నా, జర నా సంతకం ఎట్లుంటదో రాసి సూపియ్యి."