మీ వాళ్ళంతా ఇంతే

ఈ డాక్టరమ్మ కూడా నీకేం లేదని పంపించేస్తే మన గతేమిటే, అని లోపలికి పిలవకముందే పైకి అనేసింది తల్లి, అబ్బ ఊరుకోమ్మా అంది కూతురు గోళ్ళు కొరుక్కుంటూ, ఊరుకోవడమట, హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నంతసేపూ కళ్ళ ముందు ఒకటే, ఇంటికెళ్ళేసరికి స్నానాలగదికి లోపల గడియ పడి ఉంటుందేమో, పిలిస్తే పలకదేమో, ఇంతలో పిలిచారు, డాక్టరమ్మ నవ్వుతూ ఏదో అడిగింది, ఆవిడ భాష తల్లికి రాదు, ఈ పరాయి దేశంలో బ్యాంకులోనైనా బడిలోనైనా చిన్నప్పటినుంచీ తల్లికి నోరు ఈ పిల్లే, ఇవాళా అదే అలవాటు, చెప్పవే, కంచం ముందు కూర్చుని గోడకేసి చూస్తుంది, కాలేజీ మానేసింది, నేను లేకపోతే నీకు హాయిగా ఉంటుంది కదమ్మా అంది మొన్న, చెప్పు, పిల్ల చెప్పింది, డాక్టరమ్మ తలూపి ఏదో అంది, ఏమంటోందే, మీ వాళ్ళంతా ఇంతేనట, మీ ఆడపిల్లలు నెమ్మదస్తులట, మీ తల్లులకి కంగారెక్కువట, స్వభావమేగానీ జబ్బు కాదట.

అరికాలి మంట నెత్తికెక్కింది, మా వాళ్ళా, ఎవరమ్మా మా వాళ్ళు, మా అక్క నోరు విప్పితే వీధి వీధంతా తలుపులేసుకుంటుంది, మా ఆయన సినిమాలో ఎవరైనా పోతే భోరున ఏడుస్తాడు, నెమ్మదస్తులట నెమ్మదస్తులు, ఇది పుట్టినప్పుడు పెట్టిన గోలకి నర్సు చెవులు మూసుకుంది, బడికి వెళ్ళేటప్పుడు ప్రశ్నలతో నా ప్రాణం తోడేసేది, ఆ పిల్ల ఏమైపోయిందని అడగవేం, మా మొహాలు చూడగానే జవాబు దొరికిపోయిందా నీకు, చెప్పవే, ఒక్క మాట కూడా వదలకుండా చెప్పు, పిల్ల రెండు ముక్కలేవో గొణిగింది, డాక్టరమ్మ మళ్ళీ చల్లగా నవ్వింది.

ఇన్ని తిట్లు తిని ఎవరైనా అలా నవ్వుతారా, తల్లి నోరు టక్కున ఆగిపోయింది, నేను బారెడు చెబితే నీ నోట్లోంచి బెత్తెడే వచ్చిందేమే, హాయిగా ఉంటుందన్న మాట చెప్పావా, అసలు ఏమైనా చెప్పావా, పిల్ల మళ్ళీ గోళ్ళు కొరకడం మొదలెట్టింది, డాక్టరమ్మ నవ్వు మానేసి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది, మళ్ళీ అరవబోయి ఆగింది తల్లి, ఎవరి మీద అరవాలి, ఆవిడ మీదా, దీని మీదా, బాధపడేదీ ఇదే, ఆ బాధని మోసుకెళ్ళి పరాయి మనిషికి అప్పజెప్పాల్సిందీ ఇదేనా, తన గురించి తన అమ్మ ఏడుపుని తనే పలకాలా, ఏ పిల్లకి నోరొస్తుంది, మా మాట ఆవిడకి చెప్పడానికి ఇంకెవరినైనా పిలిపించమని అడగాలి, ముందు దీన్ని వినాలి, కోపం అలాగే ఉంది, కానీ నోరు మూసుకుని కూర్చుంది, పిల్ల చెయ్యి పట్టుకుని, ఎంతసేపైనా సరే అని, చాలాసేపటికి ఆ చెయ్యి కదిలింది, చెప్పలేదమ్మా, సిగ్గేసింది, ఇప్పుడు నేనే చెబుతా, నాకోసం, నువ్వు మధ్యలో మాట్లాడకు.