ఎవరూ తోయని అల

ఆసుపత్రి లాండ్రీలో తడి దుప్పట్ల మూటను మిషన్‌లోంచి లాగుతుంటే వదినకు కుడి భుజం కీలు జారింది. డాక్టరు సరిచేసి, ఇంకోసారి జారితే ఆ చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదని చెప్పాడు. నీళ్ళలో మెల్లగా ఆడించుకోమన్నాడు.

"నీళ్ళే కదా, నా దగ్గర సముద్రమంత ఉన్నాయి, రా వదినా," అంది ఆడపడుచు.

ఆడపడుచు ఒడ్డున రేకుల షెడ్డు వేసుకుని సర్ఫింగ్ నేర్పుతుంది. వయసు మళ్ళినవాళ్ళకు పొద్దున పూట వేరే క్లాసు. భర్త పోయాక వదిన ఉంటున్నది కూడా ఆ ఆడపడుచు ఇంట్లోనే, మేడమీద గదిలో. మంచం ఆడపడుచుది, ఫ్యాను ఆడపడుచుది, కిటికీకి వేలాడే తెర ఆడపడుచు వాడి పడేసిన దుప్పటి. ఆ మాట ఆమె ఎన్నడూ నోటితో అనలేదు. ఫ్యాను ఆపకుండా వదిన కిందికొస్తే మాత్రం మెట్ల దగ్గర నిలబడి పైకి చూసేది.

మొదట్లో వదిన నవ్వులపాలైంది. బోర్డు మీద బోర్లా పడుకుని రెండు చేతులతో నీళ్ళను వెనక్కి లాగాలి. ఎడమ చెయ్యి గట్టిది, కుడిది పూచికపుల్ల. బోర్డు ముందుకు పోకుండా ఉన్నచోటనే గిర్రున తిరిగేది.

"ఏంటి వదినా, గానుగ కట్టావా?" అని ఆడపడుచు కేకేసేది. అదే క్లాసుకు వచ్చే పళ్ళ డాక్టరు నవ్వాపుకోలేక ఉప్పునీళ్ళు మింగేవాడు. రిటైరైన లెక్కల మాస్టారు, "చుట్టుకొలత ఎంతుంటుందంటారు?" అని అడిగేవాడు.

అప్పుడు ఆడపడుచు వెనక నిలబడి, అల వచ్చే వేళకు బోర్డును ముందుకు తోయడం మొదలుపెట్టింది. కడుపు కింద సముద్రం లేచి తనను మోసుకుపోతుంటే వదిన బోర్డు అంచులు గట్టిగా పట్టుకుంది. ఎడమ మోచేతి మీద లేచి, మోకాలు పెట్టి, ఆపైన పాదాలు పెట్టి నిలబడడం నేర్చుకుంది. కొన్నాళ్ళకు ఆడపడుచు, "ఇక అలను నీ అంతట నువ్వే పట్టుకో," అంది. వదిన పట్టుకుంది. మర్నాడూ పట్టుకుంది. ఎవరి గదిలోనూ లేనిది, ఎవరూ ఇవ్వనిది ఒకటి దొరికింది. ఆ సాయంత్రం ఫ్యాను ఆపకుండానే కిందికి దిగింది.

దిగినావిడ ఊరుకోలేదు. షెడ్డులో టీ తాగుతూ పళ్ళ డాక్టరుకు పాఠం చెప్పబోయింది.

"మీరు అలను చూసి కంగారు పడుతున్నారండీ. అది దగ్గరికొచ్చాక గట్టిగా రెండు లాగులు లాగితే చాలు. నాకు ఒంటిచేత్తోనే వస్తోంది, మీకేం రోగం?"

పళ్ళ డాక్టరు ఆడపడుచు వైపు చూశాడు. మాస్టారు గ్లాసులోకి చూసుకున్నాడు.

"ఏంటా చూపులు?" అంది వదిన.

"చెప్పెయ్యండి మేడమ్. ఇక మాకు పాఠాలు కూడానా!" అన్నాడు పళ్ళ డాక్టరు.

ఆడపడుచు నవ్వు ఆపుకోలేకపోయింది. "నీ వెనక నేను చేపలు పడుతున్నా అనుకున్నావా వదినా? తోస్తున్నా. ఒక్కోసారి చేత్తో. ఓపిక లేనప్పుడు నా బోర్డు మీద కూర్చునే, కాలితో."

"కాలితోనా?"

"నీ లాగుడికి బోర్డు కాదు కదా, కాగితం కూడా కదలదు. అందరికీ తెలుసు. సంతోషపడుతున్నావు కదా అని ఊరుకున్నాం."

వదిన ముఖం మాడిపోయింది. కాలితో. ఇంటి గడప దగ్గర అడ్డొచ్చిన చెప్పుల్ని ఆడపడుచు పక్కకు జరిపేది కూడా ఆ కాలితోనే.

"రేపు నన్ను ముట్టుకోకు. అరిచినా సరే, చచ్చినా సరే. నా బోర్డు మీద ఎవరి చెయ్యి పడినా ఊరుకోను."

"భుజం సంగతి గుర్తుందామ్మా?" అన్నాడు మాస్టారు.

"భుజమొక్కటే నాది మాస్టారూ. దాన్ని నాకొదిలెయ్యండి."

మర్నాడు సముద్రం కాస్త పొగరుగానే ఉంది. ఒక అల వదిన కిందినుంచి జారిపోయింది. ఇంకొకటి బోర్డును పక్కకు తిప్పి పోయింది. నడుములోతు నీళ్ళలో నిలబడ్డ ఆడపడుచు రెండు చేతులూ తల మీదికెత్తింది.

"చూసుకో వదినా, నా చేతులు ఇక్కడే ఉన్నాయి! తర్వాత నన్ననకు!"

పళ్ళ డాక్టరూ ఎత్తాడు. మొహమాటపడుతూ మాస్టారూ ఎత్తాడు. దోపిడీ దొంగ ఎదురుగా నిలబడ్డట్టు ముగ్గురూ చేతులెత్తి ఇకిలిస్తున్నారు. భుజం ఇంకోసారి జారితే వదిన ఎన్నటికీ చెయ్యలేని పని సరిగ్గా అదేనని వాళ్ళకు తట్టలేదు. తట్టి ఉంటే ఇంకా పైకెత్తేవాళ్ళు.

మళ్ళీ అల వచ్చింది. వదిన కుడిచేతిని దాచుకోలేదు. ఎడమచేతితో సమానంగా చాచి, నీళ్ళలో ముంచి, ఉన్న బలమంతా పెట్టి లాగింది. భుజంలో గుడ్డ చిరిగినట్టు ఏదో చిరిగింది. గావుకేక పెట్టింది.

"అరిచినా ముట్టుకోవద్దన్నావుగా!" అని ఆడపడుచు కూడా అరిచింది, నవ్వుతూ. ఎవరి చేతులూ దిగలేదు.

బోర్డు కదిలింది. ముక్కు వంచి, అల వాలులోకి తనంతట తానే జారింది. వదిన ఎడమ మోచేయి పెట్టింది, మోకాలు పెట్టింది, పాదాలు పెట్టింది. లేచి నిలబడింది. కుడిచెయ్యి పిండని తువ్వాలులా పక్కన వేలాడుతోంది. ఒడ్డు దగ్గరికి వచ్చేదాకా నిలబడే ఉంది, ఆ తర్వాత చీలమండ లోతు నీళ్ళలో కూలబడింది.

ఆడపడుచు పరుగెత్తుకొచ్చి, ఆ చెయ్యి చూసి తెల్లబోయింది. "అయ్యో, ఆటకి అరిచావనుకున్నా వదినా!"

"తోశావా?"

"లేదు. కదలకు, అంబులెన్సు పిలుస్తా."

"కాలితో?"

"లేదన్నానుగా! ఎవరం తొయ్యలేదు."

"వాళ్ళకి వినబడేలా చెప్పు."

ఆడపడుచు వెనక్కి తిరిగి గట్టిగా చెప్పింది. చెప్పాక ఏడుపు ముంచుకొచ్చింది. "మోకాలెత్తు అలకి ఇంత రాద్ధాంతమా," అని కూడా అంది, ఏడుస్తూనే.

డాక్టరు అన్నంతా అయింది. చెయ్యి ఛాతీ దాటి లేవలేదు. లాండ్రీలో పని పోయింది. ఇప్పుడు వదినకు తల దువ్వేది ఆడపడుచే, ఊడొచ్చేలా లాగి లాగి దువ్వుతుంది. ఆ జడతోనే వదిన రోజూ ఆమె వెంట వచ్చి, షెడ్డు ముందు బెంచీ మీద కూర్చుంటుంది.

ఈమధ్య క్లాసులో రిటైరైన బస్సు డ్రైవరొకాయన చేరాడు. ఓ పొద్దున ఆయన నీళ్ళోడుతూ, రొప్పుతూ, పిల్లాడిలా పరుగెత్తుకొచ్చాడు.

"చూశారామ్మా? ఎవరి సాయమూ లేదు! నా అంతట నేనే పట్టుకున్నా!"

ఆయన వెనకాల, నీళ్ళలోంచి ఆడపడుచు వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతోంది.

"చూశాను అన్నయ్యగారూ. మా ఆడపడుచు తోసింది. కాలితో," అంది వదిన.

ఆయన ముఖంలో నవ్వు ఆరిపోవడం మొదలైంది. అది పూర్తిగా ఆరేదాకా చూసి, వదిన ఎడమచేత్తో ఆయనకు తువ్వాలు అందించింది.